నాన్నను ఇంటికి తెచ్చే ముందు

తల్లీ,

పక్షవాతంతో కుడిపక్క పడిపోయిన మీ నాన్నను గురువారం డిశ్చార్జ్ చేస్తామన్నారని మీ అమ్మ ఫోన్ చేసింది. "నేను చూసుకుంటాలే అక్కా" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. వార్డులో నర్సుగా పక్షవాతం పేషెంట్లను ఎంతోమందిని ఇళ్ళకు పంపాను, తర్వాత మీ పెద్దనాన్నను ఇంట్లో నేనే చూసుకున్నాను. ఈ పనికి ప్రేమ ఒక్కటే చాలదమ్మా. పని నేర్చుకోవాలి, అదీ ఇంట్లో కనీసం ఇద్దరు నేర్చుకోవాలి. ఒక్కరే నేర్చుకుంటే ఆ ఒక్కరూ మంచాన పడ్డ రోజు ఇల్లంతా ఆగిపోతుంది.

డిశ్చార్జ్ రోజు బిల్లు, మందులు, అంబులెన్సు హడావుడిలో ఎవరూ ఏదీ నేర్పరు. అందుకని రేపే నువ్వూ తమ్ముడూ వెళ్ళండి. వ్యాయామాలు చేయించే ఫిజియో ఎప్పుడొస్తారో, ఒళ్ళు తుడిచేది ఎప్పుడో కనుక్కుని ఆ వేళకే వెళ్ళండి. "ఒకసారి చేసి చూపించండి, తర్వాత మీ ముందే నేను చేస్తాను, తప్పుంటే చెప్పండి" అని అడుగు. మొహమాటపడకు. చూస్తున్నప్పుడు అంతా సులువుగానే ఉంటుంది, మన చేతులు పెడితేనే ఎక్కడ తడబడతామో తెలుస్తుంది.

అన్నిటికంటే నా భయం మింగడం గురించే. పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి గొంతు కండరాలు పట్టు తప్పి, తిన్నదీ తాగిందీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక్కోసారి దగ్గు కూడా రాదు. జ్వరం, ఆయాసం వచ్చి న్యుమోనియా అన్నాకే మనకు తెలుస్తుంది. మింగడం పరీక్ష చేశారా, ఏది ఎంత చిక్కగా పెట్టాలి అని డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకో. జబ్బుమనిషి అనగానే మనవాళ్ళు పల్చటి జావ, కొబ్బరినీళ్ళు పట్టిస్తారు. మింగడం కష్టమైనవాళ్ళకు పల్చటివే ఎక్కువ ప్రమాదం, గొంతు సర్దుకునేలోపే జారిపోతాయి. పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టు. టీవీ కట్టెయ్యి. చిన్న చెంచాతో పెట్టు, అది మింగారని చూసుకున్నాకే ఇంకో చెంచా. తిన్నాక నోట్లోకి టార్చి వేసి కుడి బుగ్గలో చూడు, అక్కడ మెతుకులు నిలిచిపోయినా ఆయనకు తెలియదు. మెత్తటి బ్రష్‌తో తీసేసి, అరగంట వరకు పడుకోబెట్టకు. మాట్లాడబోతే గొంతులో నీళ్ళు ఉన్నట్టు గరగరమంటే పెట్టడం ఆపేసి డాక్టరుకి ఫోన్ చెయ్యి.

ఆ కుడిచెయ్యి పట్టుకుని ఎవరినీ లాగనివ్వకు. చూడ్డానికొచ్చిన చుట్టాలు ప్రేమకొద్దీ చంకలో చెయ్యేసి లేపబోతారు. భుజం కీలుకు పట్టు ఉండదు, అది జారిందంటే నెలల తరబడి నొప్పి. నడుం దగ్గర పట్టుకుని లేపడం ఫిజియో నేర్పుతారు. చక్రాల కుర్చీని ఆయన ఎడమపక్కన పెట్టి, బ్రేకులు వేశాకే లేపాలి. చొక్కా తొడిగేటప్పుడు ముందు కుడిచెయ్యి, విప్పేటప్పుడు ముందు ఎడమచెయ్యి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, ఒళ్ళు తుడిచేటప్పుడు పిర్రల పైన, మడమల దగ్గర చూడాలి. నొక్కినా పోని ఎరుపు కనిపిస్తే పుండు మొదలైనట్టే. గాలిపరుపు, కమోడ్ కుర్చీ కోఠిలో సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి, ఆయన ఇల్లు చేరకముందే తెచ్చిపెట్టుకోండి.

మాట రావడం లేదు కదా అని ఆయనతో గట్టిగా అరవకండి. ఆయన చెవులు బాగానే ఉన్నాయి. మనం అన్నవి చాలావరకు అర్థమవుతాయి, జవాబుకు మాటే దొరకదు. ఒకసారికి ఒక్క సంగతే అడుగు, ఔనో కాదో తల ఊపితే సరిపోయేలా అడుగు, ఆగు. ఆయన పక్కన కూర్చుని ఆయన ఖర్చు గురించి మాట్లాడుకోవద్దు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మాట, వినికిడి సమస్యల కోసమే పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. స్పీచ్ థెరపీ గురించి అక్కడ అడుగు.

మందులు ఒక్కపూట కూడా మానొద్దు. ఎవరో పసరు మందు చెప్పారని బీపీ మాత్రలు, రక్తం పల్చబరిచే మాత్రలు ఆపొద్దు. మూతి వంకరపోవడం, చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం మళ్ళీ కొత్తగా కనిపిస్తే టైం చూసుకుని వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా ఈ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ స్కాన్ తీశాకే.

ఇక మీ అమ్మ. ఇంట్లోవాళ్ళకు నేర్పిస్తే ఫిజియోతో పనేముంది అని ఎవరైనా అంటే వినకండి. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పేషెంట్లతో ఇదే పరీక్షించి చూశారు, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇంట్లోవాళ్ళకు శిక్షణ ఇచ్చి వ్యాయామాలు చేయించినా, ఆరు నెలలకు చూస్తే చనిపోయినవాళ్ళూ ఇంకొకరి మీద ఆధారపడినవాళ్ళూ మామూలు వైద్యంలో కంటే తగ్గలేదు. ఈ సంగతి మీ అమ్మకు నువ్వే చెప్పు. మీ నాన్న నడక ఆలస్యమైతే తనేదో సరిగ్గా చేయలేదని ఆమె కుమిలిపోతుంది, నాకు నా చెల్లెలు తెలుసు. ఆమె నేర్చుకునేది ఆయనకు ముద్ద పొరబోకుండా, పుండు పడకుండా, కింద పడకుండా చూసుకోవడానికి. నడిపించే పని ఫిజియోది.

సాయం కావాలా అని ఆమెను అడగొద్దు, వద్దనే అంటుంది. టైము చెప్పి వెళ్ళండి. ఆదివారం పొద్దుటి నుంచి రాత్రి దాకా తమ్ముడు, వారంలో రెండు రాత్రులు నువ్వు. సాయంత్రం ఓ గంట ఆమె గుడికో, కిందికో వెళ్ళిరావాలి. ఆమె షుగర్ మాత్రలు ఎవరు చూస్తున్నారో కూడా కనుక్కో. ఆమెకు నిద్రపట్టక, ఊరికే ఏడుపొస్తుంటే 14416కి చేస్తే టెలీ మానస్ వాళ్ళు, అంటే మనసు బాగోలేనివాళ్ళకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ వాళ్ళు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. అటెండెంటును పెట్టుకున్నా సరే, పైన చెప్పినవన్నీ మీరే దగ్గరుండి చూపించి, మొదటి కొన్ని రోజులు కనిపెట్టుకుని ఉండాలి.

శనివారం నేను వస్తున్నాను. శని, ఆదివారాలు రాత్రి డ్యూటీ నాది. మీ అమ్మను మీ ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టు. మింగడం గురించి డాక్టరు రాసిచ్చిన కాగితం ఫోటో రేపు రాత్రికల్లా నాకు వాట్సాప్‌లో పెట్టు.

మీ పెద్దమ్మ