బలవంతం మీద లంచం ఇచ్చినా నేరమేనా?

ప్రశ్న: మా అమ్మ పేరున ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. బేస్‌మెంట్ పూర్తయి నెల దాటింది. ఫొటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన ఉద్యోగి పదివేలు అడుగుతున్నాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, ఆయన చెప్పిన దుకాణం నంబరుకు నిన్న ఐదువేలు ఫోన్‌పే చేశాను. ఫిర్యాదు చేస్తే నా మీదే కేసవుతుందని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా

జవాబు: అందులో సగమే నిజం. అవినీతి నిరోధక చట్టం, 1988కు 2018లో చేసిన సవరణ ప్రకారం లంచం ఇవ్వడం కూడా 8వ సెక్షన్ కింద నేరమే. ఏడేళ్ల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అయితే బలవంతం మీద ఇచ్చినవారు, ఇచ్చిన తేదీ నుంచి ఏడు రోజుల్లోగా పోలీసులకు లేదా దర్యాప్తు సంస్థకు తెలియజేస్తే ఆ సెక్షన్ వారికి వర్తించదు. కూలికి పోయే మనిషికి ఈ గడువు చాలా తక్కువన్నది నా అభిప్రాయం. కాబట్టి ఇది చదివిన రోజే అవినీతి నిరోధక శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1064కు ఫోన్ చేయండి.

మిగతా ఐదువేలు మీ అంతట మీరు ఇవ్వకండి. ముందుగా అధికారులకు తెలిపి, దర్యాప్తుకు సహకరించేందుకు వారు చెప్పినట్టు ఇస్తే అది నేరం కాదు. ఉద్యోగి విషయానికొస్తే, లంచం పొందేందుకు ప్రయత్నించడమే 7వ సెక్షన్ కింద నేరం, శిక్ష మూడు నుంచి ఏడేళ్లు. డబ్బు వేరొకరి ఖాతాకు మళ్లించినంత మాత్రాన ఆయన తప్పించుకోలేడు. ఫోన్‌పే వివరాలు, కాల్ రికార్డింగులు ఉంటే వాటిని కత్తిరించకుండా, చెరపకుండా అదే ఫోన్‌లో ఉంచండి.

ఇక్కడ ఆ ఉద్యోగి అమ్ముతున్నది ఆలస్యాన్ని. మొత్తం 5 లక్షల సాయంలో బేస్‌మెంట్ అయ్యాక రావలసిన మొదటి లక్ష ఆగితే సిమెంటు, ఇసుక బాకీలు పెరుగుతాయి. జీతం వచ్చే మనిషి ఆగగలడు, మీరు ఆగలేరు. అందుకే అప్పు చేసైనా ఇస్తారు. ఆ పదివేలకే ఏడాదికి 3,600 వడ్డీ అవుతుంది, అదీ మీకు హక్కుగా రావలసిన డబ్బు కోసం.

బిల్లు సంగతి వేరుగా చూడండి. లబ్ధిదారు మీ అమ్మగారే కనుక, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఆమె పేరుతోనే దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ఫొటో ఎక్కించకపోవడానికి కారణమేమిటో, ఫైలు ఎవరి దగ్గర ఉందో సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. తెల్ల రేషన్ కార్డు నకలు జతచేయండి.