క్లయింట్ ప్రకటనల ఖర్చు మీ క్రెడిట్ కార్డు మీద ఎందుకుంది?

ప్రశ్న: నా వయసు 34. విజయవాడలో నాలుగేళ్లుగా చిన్న డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ నడుపుతున్నాను. ఐదుగురు ఉద్యోగులు, ఏడుగురు క్లయింట్లు. జీఎస్టీ కాకుండా నెలకు 4.5 లక్షల బిల్లింగ్. అందులో 2 లక్షలు ఒక్క రియల్ ఎస్టేట్ సంస్థదే. ఈ 2 లక్షల్లో 80 వేలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ ప్రకటనలకు పోతుంది, 1.2 లక్షలు మా ఫీజు. ప్రకటనల ఖర్చు ముందు నా క్రెడిట్ కార్డుతో కట్టి, తర్వాత బిల్లులో వేస్తాను. నాలుగు నెలలుగా ఆ సంస్థ నుంచి రూపాయి రాలేదు. ఎండీ గారు మంచి మనిషే, ఫోన్ చేస్తే ‘వచ్చే వారం చూద్దాం’ అంటారు. గట్టిగా అడిగితే సగం వ్యాపారం పోతుందేమోనని టెన్షన్. ఆఫీసు ఖర్చు జీతాలతో కలిపి 2.3 లక్షలు, ఇంటికి 50 వేలు. కార్డు మీద 2.1 లక్షల బాకీ ఉంది, మినిమమ్ డ్యూ కట్టుకుంటూ వస్తున్నాను. జీతాల కోసం 6 లక్షల పర్సనల్ లోన్ తీసుకోనా? ఇంట్లో బంగారం ఉంది గానీ తాకట్టు పెట్టడం ఇష్టం లేదు. 30 వేల జీతానికి సేల్స్ మనిషిని పెట్టుకుంటే కొత్త క్లయింట్లు వస్తారా? నెలకు 8 వేల సిప్ కొనసాగించాలా?

జవాబు: లోన్‌కి ఇప్పుడే సంతకం పెట్టకండి. మీ ఏజెన్సీ నష్టాల్లో లేదు. మీ డబ్బు ఇంకొకరి దగ్గర ఉండిపోయింది, అంతే. ఆ సంస్థ ఇవ్వాల్సిన డబ్బుకు మీరు అప్పు తెచ్చి వడ్డీ కడతానంటున్నారు. 6 లక్షలకు 15 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుంటే నెలకు దాదాపు 20,800 వాయిదా. మీ ఇబ్బందికి కారణమైన పద్ధతి మాత్రం అలాగే ఉంటుంది.

ఆ పద్ధతి ఏమిటో మీ లెక్కల్లోనే ఉంది. ఆ సంస్థ బిల్లు 2 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 36 వేలు. ఇలాంటి సేవలకు కొందరు క్లయింట్లు 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే మీ పేరున కోసే ఆదాయపు పన్ను) కోస్తారు, మీకూ అంతే అనుకుందాం. జీఎస్టీ విడిగా చూపిస్తే టీడీఎస్ దాన్ని వదిలేసి 2 లక్షల మీదే పడుతుంది, అంటే 20 వేలు. మీ ఖాతాలో పడాల్సింది 2,16,000. ఇందులో మెటాకీ (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సంస్థ) గూగుల్‌కీ మీరు కార్డుతో కట్టినది పన్నుతో కలిపి 94,400. అందులోని పన్ను 14,400 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గుతుంది కాబట్టి, జీఎస్టీ కింద మీరు జేబులోంచి కట్టేది 21,600. ఈ రెండూ పోగా మీకు చేతికి మిగిలేది సరిగ్గా లక్ష రూపాయలు.

కార్డు వాళ్లదే పెట్టించి మీరు ఫీజుకి మాత్రమే బిల్లు వేసి ఉంటే? 1.2 లక్షల మీద టీడీఎస్ 12 వేలు, చేతికి 1,08,000. చేసే పని అదే, నెలకు 8 వేలు ఎక్కువ. వాళ్ల ప్రకటనల డబ్బు మీద కూడా మీ పేరున టీడీఎస్ కోతపడుతోంది మరి. రిటర్ను వేశాక అది లెక్కలో కలుస్తుంది, నిజమే. కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీది కాదు.

అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. వాళ్లు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా బిల్లు వేశారు కాబట్టి జీఎస్టీ మీరు కట్టాలి, కార్డు బిల్లు కూడా మీరే కట్టాలి. నెలకు 94,400, 21,600 కలిపి 1,16,000. నాలుగు నెలలకు 4,64,000. ఇది మీకు రావాల్సిన ఫీజు కాదు, మీ జేబులోంచి వాళ్ల వ్యాపారానికి మీరు పెట్టిన పెట్టుబడి. వాళ్ల ప్రాజెక్టు కోసం మీరు చేసిన రీల్స్, డ్రోన్ వీడియోలు, కూర్చున్న రాత్రులు ఇందులో లేనే లేవు.

ఇప్పుడు మీ భయం సంగతి. ఆయన పోతే సగం వ్యాపారం పోతుందంటున్నారు. 4.5 లక్షల్లో 2 లక్షలంటే 44 శాతం కాబట్టి అలాగే కనిపిస్తుంది. కానీ ప్రకటనల 80 వేలు మీ ఆదాయమే కాదు. అసలు ఫీజు మొత్తం 3.7 లక్షలు, అందులో వాళ్లది 1.2 లక్షలు. అంటే మూడో వంతు కూడా లేదు. ఆ మూడో వంతు కోసం మీ ఉద్యోగుల్లో ఎంతమంది, ఎంత సమయం పెడుతున్నారో కూడా చూడండి. సాధారణంగా ఇలాంటి పెద్ద క్లయింటే ఎక్కువ మార్పులు, ఎక్కువ అర్జెంటు ఫోన్లు. ఈ లెక్క చూశాక ఆ ఆఫీసులోకి మీరు వెళ్లే తీరే వేరుగా ఉంటుంది.

వెళ్లే ముందు ఒక పని చేయండి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ ఏఐఎస్ (మీ పాన్ మీద నమోదైన ఆదాయం, పన్నుల వార్షిక పట్టిక) తెరిచి, ఆ సంస్థ మీ పాన్ మీద టీడీఎస్ జమ చేసిందేమో చూడండి. టీడీఎస్ రిటర్నులు మూడు నెలలకోసారి కాబట్టి చివరి నెలలవి ఇంకా కనిపించకపోవచ్చు. మొదటి నెలలవి కనిపిస్తే మీ బిల్లు వాళ్ల పుస్తకాల్లో ఎక్కినట్టే, పని ఒప్పుకున్నట్టే. ఇక మిగిలింది చెల్లింపు తేదీ మాట్లాడుకోవడమే. ఏమీ కనిపించకపోతే మీ బిల్లు అకౌంటెంట్ టేబుల్ సొరుగులోనే ఉండి ఉంటుంది. పర్చేజ్ ఆర్డర్ నంబరు లేదనో, సేల్స్ హెడ్ సంతకం కాలేదనో పక్కన పెట్టి ఉంటారు. అప్పుడు ఎండీ గారికి మీరెన్నిసార్లు ఫోన్ చేసినా ఆయన చేయగలిగింది ‘చూద్దాం’ అనడమే.

చిన్న ఏజెన్సీల వాళ్లు క్లయింట్‌తో సంబంధం అంటే ఎండీతో కాఫీ తాగడం అనుకుంటారు. బిల్లు పాసయ్యే దారిలో ఎవరెవరున్నారో వాళ్లందరితోనూ ఉండాలి ఆ సంబంధం. అకౌంట్స్‌లో బిల్లు ఎవరు ఎక్కిస్తారు, చెక్కులు ఏ రోజు రాస్తారు, సంతకం ఎవరిది, ఈ మూడూ మీకు తెలియాలి. సేల్స్ మేనేజర్‌తో నెలకోసారి కూర్చోండి. ఎన్ని లీడ్స్ (ప్రకటన చూసి వివరాలు అడిగినవాళ్లు) వచ్చాయన్నది ఆయనకు అక్కర్లేదు. వాటిలో ఎంతమంది సైట్ చూడటానికి వచ్చారు, ఎన్ని బుకింగులయ్యాయి, ఇదే కావాలి. ఆ లెక్క ఆయన నోటితోనే ఎండీ దగ్గరికి వెళ్తే మీ బిల్లు ఖర్చులా కనిపించదు.

ఇక మాట్లాడటం. ఫోన్‌లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు, స్వయంగా వెళ్లండి. ఒకే పేజీ స్టేట్‌మెంట్ తీసుకెళ్లండి: బిల్లు నంబరు, తేదీ, మొత్తం, ఎన్ని రోజులైంది. ప్రకటనలకు కట్టింది ఒక వరసలో, ఫీజు ఇంకో వరసలో చూపించండి. ‘సార్, ఈ 3,77,600 నేను మీ తరఫున మెటాకీ గూగుల్‌కీ కట్టినది. ఇది ఈ నెలాఖరులోపు సర్దండి. మా ఫీజు మూడు నెలల్లో మూడు వాయిదాలుగా ఇవ్వండి. ఒకటో తారీఖు నుంచి యాడ్ అకౌంట్‌కి కంపెనీ కార్డే పెడదాం, నా కార్డు లిమిట్ అయిపోతే మీ లీడ్స్ ఆగిపోతాయి.’ ఇందులో దెబ్బలాట ఏమీ లేదు. చివరి మాట ఆయన మేలుకోరి చెప్పిందే, నిజం కూడా. ఒప్పుకున్న తేదీలను ఆ సాయంత్రమే ఆయనకూ అకౌంటెంట్‌కూ ఈమెయిల్ పెట్టండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఎండీ గారు ఎందుకు పెడతారు?

కార్డు మార్చడం కష్టమేం కాదు. మెటా బిజినెస్ మేనేజర్‌లో యాడ్ అకౌంట్ వాళ్ల పేరున ఉండి, మీరు పార్ట్‌నర్‌గా యాక్సెస్ తీసుకుంటే చాలు. గూగుల్‌లోనూ మేనేజర్ అకౌంట్ నుంచి వాళ్ల ఖాతాను నడపొచ్చు. మిగతా ఆరుగురిలో ఇంకెవరివైనా మీ కార్డు మీద నడుస్తుంటే ఈ నెలే తీసేయండి. కంపెనీ కార్డు పెట్టడానికి కూడా వాళ్లు వెనకాడితే అది మీరు గమనించాల్సిన విషయం.

చట్టం మీ వైపు కొంత ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) గురించి మీరు రాయలేదు. లేకపోతే ఆధార్‌తో ఆన్‌లైన్‌లో చేసుకోండి, ఉచితం. డబ్బు అడిగే ఏజెంట్ల వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, ప్రభుత్వ పోర్టల్‌లోనే చేయండి. ఎంఎస్‌ఎంఈ చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ. అంతకన్నా పనికొచ్చేది 2023 ఆర్థిక చట్టం తెచ్చిన నిబంధన: ఆ గడువు దాటి, మార్చి 31కి కూడా కట్టకపోతే ఆ బిల్లును క్లయింట్ ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు, కట్టిన ఏడాదే చూపించుకోవాలి. అందుకే ఫిబ్రవరి, మార్చిల్లో సీఏలే బాకీల జాబితా తీసి యజమానుల వెంట పడుతున్నారు. ఉద్యమ్ నంబరు మీ ప్రతి బిల్లు మీదా ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు ముందు వేసిన పాత బిల్లులకు మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకండి.

180 రోజుల్లో కట్టకపోతే క్లయింట్ జీఎస్టీ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి కదా అని ఎవరైనా సలహా ఇస్తారు. నిబంధన ఉంది, కానీ ఇళ్లు కట్టి అమ్మేవాళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఉన్న 1 శాతం, 5 శాతం రేట్లు ఇన్‌పుట్ క్రెడిట్ లేనివే. లేని క్రెడిట్ పోతుందని ఆయన ఎందుకు భయపడతారు? అక్కడ ఆ మాట తీస్తే మీకే చిన్నతనం. చిన్న సంస్థల బాకీల మీద ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేసే వీలు కూడా ఉంది. అది ఇక ఆ క్లయింట్ వద్దనుకున్న రోజు వాడాల్సిన దారి.

ఇక నుంచి నెల ఫీజు అడ్వాన్సే. ముందు నెల 25న ప్రొఫార్మా (పన్ను బిల్లుకు ముందు పంపే ముసాయిదా బిల్లు) పంపి, డబ్బు వచ్చాక ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇస్తే జీఎస్టీ మీ జేబులోంచి పోదు. పాత క్లయింట్లు ఒక్కసారిగా ఒప్పుకోరు, కొత్తవాళ్లతో మొదలుపెట్టండి. మొదటి మీటింగ్‌లోనే చెప్పిన చెల్లింపు షరతుకు ఎవరూ నొచ్చుకోరు, ఆరో నెలలో చెబితేనే నొచ్చుకుంటారు.

కార్డు బాకీ: నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 2.1 లక్షల మీద 7,350, దాని మీద జీఎస్టీతో 8,600 దాటుతుంది. బంగారం మీద మీ సెంటిమెంట్ నాకు అర్థమవుతుంది. కానీ అదే మొత్తం బ్యాంకు గోల్డ్ లోన్‌గా 10 శాతానికి దొరికితే నెలకు 1,750. బీరువాలో బంగారం ఉంచుకుని నెలకు దాదాపు 7 వేలు ఎక్కువ కట్టడం సెంటిమెంట్‌కి మరీ పెద్ద ధర. 2.1 లక్షలకు మించి తీసుకోకండి. యాడ్ అకౌంట్ల నుంచి మీ కార్డు తీసేశాకే తీసుకోండి, లేదంటే ఆర్నెల్లలో రెండు అప్పులూ ఉంటాయి. మిగతా క్లయింట్ల ఫీజు 2.5 లక్షల్లో టీడీఎస్ పోగా 2.25 లక్షలు వస్తుంది, మీ ఖర్చు 2.8 లక్షలు. నెలకు 55 వేలు తక్కువ. ఆ సంస్థ తొలి వాయిదా ఇచ్చేదాకా ఇంటి ఖర్చులో కొంత తగ్గించి, ప్రకటనల బాకీలోంచి వచ్చే డబ్బుతో ముందు జీతాలు ఇవ్వండి. ఈలోగా జీతం ఒకటి ఆలస్యమయ్యేలా ఉంటే ఉద్యోగులకు ముందే చెప్పండి.

సేల్స్ మనిషి ఇప్పుడు వద్దు. మీ అరువు పద్ధతితోనే ఇంకో ముగ్గురు క్లయింట్లు వస్తే ఇబ్బంది మూడింతలవుతుంది. సమయానికి డబ్బిచ్చే క్లయింట్లు ఇద్దరు ముగ్గురు మీకు ఉండే ఉంటారు. వాళ్లకు ఇంకేం చేసి పెట్టగలరో అడగండి, వాళ్లకు తెలిసిన ఒక్కరికి పరిచయం చేయమనండి. సమయానికి చెల్లించేవాళ్ల స్నేహితులు చాలావరకు సమయానికే చెల్లిస్తారు, నా అనుభవంలో. వెతికేటప్పుడు సీజన్ చూసుకోండి. ఆషాఢంలో ముహూర్తాలుండవు, రియల్ ఎస్టేట్ బుకింగులు మందగిస్తాయి, మీ బిల్లు కూడా అప్పుడే ఆగుతుంది. అదే నెలలో బట్టల షాపులు ఆషాఢం సేల్ ప్రకటనలకు పరుగులు పెడతాయి. కాలేజీలకు అడ్మిషన్ల కాలం వేరు, ఆసుపత్రులకు ఏడాదంతా పని ఉంటుంది. ఒకరి సీజన్ పడుకున్నప్పుడు ఇంకొకరిది లేచేలా క్లయింట్లను పెట్టుకోవాలి. ఏ ఒక్కరి ఫీజూ మొత్తం ఫీజులో నాలుగో వంతు దాటకుండా రెండేళ్లలో తెచ్చుకోండి.

సిప్ ఆపేయండి, కార్డు బాకీ తీరేదాకా. ఏడాదికి 40 శాతం పైగా వడ్డీ కడుతూ ఫండ్‌లో 12 శాతం కోసం చూడటంలో అర్థం లేదు. పాత యూనిట్లు అమ్మక్కర్లేదు. టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా ప్రీమియంలు మాత్రం ఆపకండి. బాకీలు వసూలయ్యాక మొదట మూడు నెలల ఆఫీసు ఖర్చు, అంటే 6.9 లక్షలు, లిక్విడ్ ఫండ్‌లోనో స్వీప్ డిపాజిట్‌లోనో పక్కన పెట్టండి. జీఎస్టీకి వేరే ఖాతా తెరిచి, క్లయింట్ డబ్బు పడిన రోజే పన్ను వాటా అందులోకి మార్చేయండి. ఆ 6.9 లక్షలు పూర్తయ్యాక 8 వేల సిప్ మళ్లీ మొదలుపెట్టొచ్చు.