నమ్ముకున్న దేవుడే ఇన్ని కష్టాలు రానిస్తుంటే ఆయన్ని ఇంకా ఎలా నమ్మాలి?

నాన్నగారికి పక్షవాతం వచ్చిందని, అదే నెలలో మీ ఉద్యోగం పోయిందని, ఉపవాస ప్రార్థనలు చేస్తున్నా ఏదీ మారలేదని రాశారు. ఇలాంటప్పుడు జనం సాధారణంగా ‘అన్నీ మేలుకే’ అని భుజం తట్టి వెళ్లిపోతారు. నేను ఆ మాట అనను. మాది కర్నూలు. 2009 వరద మా ఇంట్లోకే వచ్చింది.

ఆ ఏడు ముందు కరువు. ఆగస్టులో వాన కోసం మా చర్చిలో ఉపవాసాలున్నాం. సెప్టెంబర్ 2న రాజశేఖర రెడ్డిగారు నల్లమలలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. సరిగ్గా నెలకు, అక్టోబర్ 2న, తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చేశాయి. మేముండేది పాతబస్తీలో. పక్కింటి సాయిబుగారి మిద్దె ఎక్కి బతికాం. వాళ్ల పొయ్యి మీదే మా గంజి కూడా కాగింది.

నీళ్లు తీశాక మా తలుపు తెరుచుకోలేదు. బియ్యం మూటలు నాని, ఉబ్బి, పగిలి లోపలి నుంచి అడ్డం పడ్డాయి. ఆ వాసన గురించి చెప్పను, ఆ రోజుల్లో కర్నూల్లో ఉన్నవాళ్లకు తెలుసు. నవంబర్‌లో అక్క పెళ్లి. ట్రంకు పెట్టె తెరిస్తే పెళ్లికి కొన్న తెల్ల పట్టుచీరకు పక్క చీరల ఎరుపు, పసుపు అంతా ఎక్కి, మడతల్లో బురద గడ్డకట్టి ఉంది. మా అవ్వ దాన్ని బకెట్లో ముంచి ఉతకడం మొదలుపెట్టింది. రంగు పోదని అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఉతుకుతూ పైకే అంటోంది: “ఏం సామీ, వాన అడిగితిమి గానీ ఇంత అడిగితిమా? ఈ పిల్ల నీకేం చేసింది? చెప్పు, నాకు చెప్పు.” నాయన గదమాయించాడు, అట్లా అనకూడదమ్మా అని. “నువ్వు పక్కకు పో, నేను నీతో మాట్లాడ్లేదు” అంది. రాత్రి మామూలుగానే కుటుంబ ప్రార్థనకు మోకరించింది, కీర్తన ఎత్తుకుంది. పొద్దున మళ్లీ పోట్లాట. దేవుణ్ణి నమ్మడమంటే నేను చూసింది అదే. పరాయివాళ్లతో ఎవరైనా అంత గట్టిగా పోట్లాడతారా?

తర్వాత దుప్పట్లు పంచడానికి వేరే ఊరి నుంచి ఒక బోధకుడు వచ్చాడు. దుప్పట్లు మంచివే. కానీ పంచే ముందు మైకు పట్టుకుని, ఈ పట్టణం పాపాల వల్లే వరద వచ్చిందన్నాడు. ఆ పాపమేదో పల్లంలో ఉన్న ఇళ్లవాళ్లే ఎందుకు చేశారో, మెట్ట మీది ఇళ్లవాళ్లు ఎందుకు చేయలేదో మాత్రం చెప్పలేదు! బైబిల్లో లూకా సువార్త 13వ అధ్యాయం చదివి ఉంటే ఆయన మైకు ముట్టుకునేవాడు కాదు. సిలోయములో గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది యెరూషలేములో మిగతావాళ్లకంటే పాపులా అని యేసే అడిగి, కాదని చెప్పాడు. గోపురం ఎందుకు కూలిందో మాత్రం ఆయనా చెప్పలేదు. బైబిల్లోనే, పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న నీతిమంతుడు యోబుకూ అసలు కారణం ఎవరూ చెప్పలేదు. అతని స్నేహితులు నోరు మూసుకుని కూర్చున్న ఆ ఏడు రోజులే వాళ్లు చేసిన మంచి పని.

అక్క సంబంధం తప్పిపోయింది. చాలా ఏళ్లకు వేరే సంబంధం కుదిరింది. బావ బంగారం, అందులో రెండో మాట లేదు. అప్పుడు మా చర్చిలో పెద్దలు, “వరద రాబట్టే ఇంత మంచి ఇల్లు దొరికిందని సాక్ష్యం చెప్పమ్మా” అన్నారు. అక్క, “మా వీధిలో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు కూడా ముందు వరసలోనే కూర్చుంటారు కదా అయ్యగారూ, వాళ్ల మొహం చూస్తూ ఎట్లా చెప్పేది?” అంది. సాక్ష్యం చెప్పలేదు. ఒక పాట పాడి కూర్చుంది.

అసలు మన సాక్ష్యాలతోనే నాకు పేచీ. వీసా వచ్చినవాడు, సీటు వచ్చినవాడు, గడ్డ కరిగినవాడు లేచి చెబుతారు. రానివాడు చప్పట్లు కొట్టాలి. జనవరి 1న చర్చిలో ఒక్కో బైబిలు వాక్యం రాసి పంచే వాగ్దాన కార్డుల్లో 88వ కీర్తన ఎవరికైనా వచ్చిందా? అది మొదలు నుంచి చివరిదాకా మొర, చివర్లో ఉన్నది చీకటే. అయినా బైబిల్లోనే ఉంది, దాన్నెవరూ తీసేయలేదు. ఈ రాత్రి ప్రార్థనకు మాటలు రాకపోతే దాన్నే పైకి చదవండి. చదివాక బాగైపోయినట్టు నటించాల్సిన పని లేదు.

ఇంకొకటి, అడగకపోయినా చెబుతున్నా. పక్షవాతం వచ్చాక మొదటి నెలలే ముఖ్యం, నాన్నగారికి ఫిజియోథెరపీ ఒక్క వారం కూడా మాన్పించకండి. ప్రార్థన చేసిన నూనె అని సీసా పట్టుకొచ్చి డబ్బడిగేవాళ్లకు మంచినీళ్లిచ్చి పంపించేయండి.