మీటర్లను మూరల్లోకి, జానల్లోకి ఎలా మార్చాలి?

ఫార్ములా కావాలంటే తీసుకోండి. మూర అంటే 18 అంగుళాలు, 45.72 సెంటీమీటర్లు. అందులో సగం జాన. నాలుగు మూరలైతే బార. మీటరుకు రెండు మూరల మీద ఓ నాలుగున్నర వేళ్ళు ఎక్కువ. బట్టల కొట్లో ఈ లెక్క చక్కగా పనిచేస్తుంది: ఆరు గజాల చీర 12 మూరలు, తొమ్మిది గజాలది 18.

పూల దగ్గరికొచ్చేసరికే తేడా కొడుతుంది. మా చెల్లి పెళ్ళికి గుమ్మానికి మూడు వైపులా పూలదండ వేద్దామనుకున్నాం. మా బావ ఇంజనీరు. టేపు పెట్టి కొలిచి 5.2 మీటర్లన్నాడు. ఫోన్‌లో లెక్కేస్తే పదకొండున్నర మూరలు కూడా రాలేదు, "పన్నెండు తీసుకుంటే చాలు" అని తీర్మానించాడు. పూలామె దండ కొసను మోచేతి దగ్గర నొక్కిపెట్టి, చెయ్యి చాపి, మధ్యవేలి దాకా లాగింది. కానీ ఆ వేలు కాస్త వంగే ఉంది! పైగా మనిషిదే పొట్టి చెయ్యి. ఇంటికి తెచ్చి కట్టి చూస్తే మూరెడు తక్కువ. బావ వెళ్ళి దబాయిస్తే, "నా చెయ్యి ఇంతే బాబూ, నీ చెయ్యి కొలతకైతే నీ రేటు వేరే" అంది. అందులో తప్పేముంది?

మా పిన్ని ఏమీ మాట్లాడకుండా పురికొస తెచ్చి, గుమ్మం చుట్టూ పట్టి, తెంపి బావ చేతిలో పెట్టింది. "ఇది చూపించి ఇంత కావాలను." నన్నడిగితే అసలైన మార్పిడి అదే. మీటర్లూ వద్దు, మూరలూ వద్దు.

'ఎవరి చెయ్యి?' అన్న పేచీ కొత్తదేం కాదు. అర్థశాస్త్రంలోనే అంగుళం (ఇప్పటి అంగుళం కాదు, అంతకంటే చిన్నది) అంటే మధ్యరకం మనిషి మధ్యవేలి వెడల్పు అనో, ఎనిమిది యవగింజల వెడల్పు అనో రాసుకున్నారు. అలాంటివి 24 అయితే మూర. మనకు 1956లో మెట్రిక్ చట్టం వచ్చింది. అయినా హైదరాబాద్‌లో ప్లాటు గురించి ఎవరినైనా అడగండి, "రెండొందల గజాలు" అంటారే గానీ 167 చదరపు మీటర్లు అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. పూల రేటు పెరిగినకొద్దీ మూర కురచవుతుంది. మామూలు రోజుల్లో వేలి కొసదాకా వచ్చే దండ, శ్రావణ శుక్రవారం నాటికి రెండో కణుపు దగ్గరే ఆగిపోతుంది. వరలక్ష్మీ వ్రతం రోజు బేరమాడే ఓపిక ఎవరికుంటుంది? అందుకే మేం ఇప్పుడు విడిపూలు కిలో లెక్కన తెచ్చుకుంటున్నాం. తూకంలో మోసం లేదని కాదు, కనీసం ముల్లు కనపడుతుంది. కట్టడం మాత్రం మా ఇంట్లో పిన్నికి తప్ప ఎవరికీ రాదు.