చేపల బరువు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. వేటకెళ్లినవాడు తిరిగి రాలేదు సరే, ఒడ్డున తల్లి ఏడుపు, పెళ్లాం ఏడుపు, చివరికి సముద్రం కూడా ఏడుపే. ఆ ఆఖరి రెండు పేజీల్లో ఏడవంది నేనొక్కణ్నే! నా మొదటి కథలకీ ఇదే జబ్బు. ఒక ఎడిటర్ "కన్నీళ్లు తగ్గించి పంపండి" అని కార్డు ముక్క రాసి తిప్పికొట్టాడు.

విన్‌స్లో హోమర్ అని అమెరికా చిత్రకారుడు, 1836లో బోస్టన్‌లో పుట్టాడు. 1885లో ఆయన వేసిన 'ది ఫాగ్ వార్నింగ్' ఫోన్లో వెతికి, పెద్దది చేసి చూడు. చిన్న పడవలో జాలరి ఒక్కడే. పడవ వెనక భాగంలో పెద్ద హాలిబట్ చేప, ముందు భాగమేమో పైకి లేచి ఉంది. తెడ్లు పట్టుకునే తల తిప్పి దూరంగా తెరచాప ఓడకేసి చూస్తున్నాడు, వాడు చేరాల్సింది అక్కడికి, ఆకాశం అంచునేమో పొగమంచు లేస్తోంది. అంతే. చేరాడో లేదో హోమర్ చెప్పడు. ఆ చేపని చూడు, వాడికి తిండి పెట్టేదీ అదే, ఇప్పుడు తెడ్డు వెయ్యనివ్వని బరువూ అదే. నీ కథలో ఆ రోజు ఏం చేపలు పడ్డాయో ఒక్క ముక్క లేదు.

ఇంట్లో కూర్చుని ఊహించిన సముద్రం కాదది. 1881లో ఇంగ్లండ్ వెళ్లి కల్లర్‌కోట్స్ అనే చేపలవాళ్ల ఊళ్లో ఏడాదిన్నర పైనే ఉన్నాడు, అక్కడి ఆడవాళ్ల వలలూ బుట్టలూ చూస్తూ, బొమ్మలు వేస్తూ. తర్వాత మకాం మెయిన్ రాష్ట్రంలో ప్రౌట్స్ నెక్, అదీ సముద్రం పక్కనే. పల్లె బొమ్మల్లోనూ ఇదే పద్ధతి. అమెరికా అంతర్యుద్ధం ముగిసిన 1865లో వేసినదాంట్లో ఒకడు గోధుమ కోస్తుంటాడు, మనకి వీపే కనిపిస్తుంది. కింద మూలన విప్పి పడేసిన సైన్యం కోటు. అది లేకపోతే వాడు మామూలు రైతే.

నీ దగ్గరా అలాంటి కోటు ఒకటుంది. మూడో పేజీలో తల్లి కొడుకు కంచం కడిగి, బోర్లించకుండా పొయ్యి పక్కనే పెడుతుంది చూడు, అది. అంత బాగా రాసి, వెంటనే "ఆమె గుండె బద్దలైంది" అని ఎందుకు తగిలించావురా? మామీద నమ్మకం లేకా? ఆ వాక్యం కొట్టెయ్. ఆఖరి రెండు పేజీలూ తీసెయ్.

మీ నాన్నగారు వేటకెళ్లేవారన్నావు కదా. ఇక పడవ తిప్పెయ్యాలని ఆయనకి దేన్ని చూస్తే తెలిసేదో అడుగు, గాలా, నీళ్ల రంగా, మరేదైనానా. కథ తర్వాత, ముందు ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి పంపు.