డీఎన్ఏ పాఠం చెప్పబోతున్న అమ్మాయికి

అనంతపురం

అమ్మా,

పదో తరగతికి డీఎన్ఏ ఎట్లా చెప్పాలా అని టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. బోర్డు మీద మెలితిరిగిన నిచ్చెన బొమ్మతో మొదలుపెట్టొద్దు. అరటిపండుతో మొదలుపెట్టు. మన జిల్లాలో దానికి కొదవ లేదు.

బాగా మాగిన సగం పండును కవర్లో వేసి పిల్లల చేతనే పిసికించు. అరగ్లాసు నీళ్లలో అర చెంచా ఉప్పు, రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ నురగ రాకుండా కలిపి, అందులో పోయించు. పది నిమిషాలాగి తెల్లగుడ్డలో వడకట్టి, పరీక్షనాళికలో మూడో వంతు పోసుకోండి. ముందురోజు రాత్రే ఫ్రీజర్లో పెట్టిన సర్జికల్ స్పిరిట్‌ను నాళిక గోడ వెంబడి సన్నని ధారగా వదలాలి. గుమ్మరిస్తే రెండూ కలిసిపోతాయి. దగ్గర్లో మంట అనేదే ఉండకూడదు. కాసేపటికి రెండు పొరలు కలిసేచోట తెల్లటి పోగులు, తడిసిన దూదిలా, పైకి లేస్తాయి. అప్పుడు నువ్వు నోరు మెదపొద్దు.

నేను చాలా ఏళ్లు ఇక్కడే తప్పు చేశాను. "ఇదే డీఎన్ఏ" అని చెప్పేసేవాణ్ణి, పిల్లలు రికార్డులో రాసేసుకునేవాళ్లు. ఒక ఏడాది వెనక బెంచీ పిల్లవాడు, "అది డీఎన్ఏనే అని ఎట్లా తెలుసు సార్? పండు గుజ్జే కావొచ్చు గదా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. వాడి అనుమానం సరైనదే. ఆ పోగుల్లో పెక్టిన్ అనే పండు జిగురు, ప్రోటీన్లు కూడా ఉంటాయి.

ఆ ప్రశ్ననే పాఠం చేసుకో. ఒక జట్టు సబ్బు వేయకుండా, ఇంకో జట్టు ఉప్పు లేకుండా, మరో జట్టు పచ్చి బొప్పాయి రసం కలిపి చేయాలి. ఏమవుతుందో ముందే కాగితం మీద రాయించు. నెయ్యి గిన్నె జిడ్డును సబ్బు వదిలించినట్టే కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరను కూడా విడదీస్తుందని వాళ్లే పట్టుకుంటారు. ముదురు మటన్‌లో పచ్చి బొప్పాయి ముక్క ఎందుకేస్తారో ఇంట్లో అడిగి రమ్మను. అది ప్రోటీన్‌ను కోస్తుంది. రసం కలిపినా పోగులు మిగిలితే, అవి ఒట్టి ప్రోటీన్ కాదన్నమాట. 1944లో ఏవరీ, మెక్‌లియడ్, మెకార్టీ అనే శాస్త్రవేత్తలు నడిచిన దారీ ఇదే: ఒక రకం బ్యాక్టీరియా నుంచి తీసిన సారం ఇంకో రకం బ్యాక్టీరియా గుణాన్ని మార్చేది. ఆ సారంలో ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్ వేసినా ఆ మార్పు జరిగింది, డీఎన్ఏను కోసేది వేస్తే ఆగిపోయింది.

సబ్బు వేయని నాళికలోనూ కొంచెం తెలుపు కనిపించొచ్చు. కంగారుపడి సర్దిచెప్పొద్దు, ఎందుకో వాళ్లనే వాదించుకోనీ.

పాఠం అయ్యాక పిల్లలు ముందుగా రాసిన కాగితాలు పారేయకుండా దాచు. ఆదివారం వచ్చినప్పుడు తీసుకురా, చదవాలని ఉంది.

మీ పెదనాన్న