నెఫ్యూ అంటే మేనల్లుడేనా?

ప్రశ్న: బర్మాలో మోన్ జాతి రాణి షిన్ సోబు గురించి రాస్తున్నానండీ. ఆమె భర్త బన్యా బ్వే ఆమె తండ్రికి నెఫ్యూ అని ఇంగ్లీషులో ఉంటే మేనల్లుడు అని రాశాను, కరెక్టేనా? పట్టపురాణి అనొచ్చా? ష్వేడగాన్ స్తూపానికి "తన శరీర బరువుకు సమానమైన బంగారం" ఇచ్చిందని కూడా రాశాను.

జవాబు: తొందరపడ్డారు. ఇంగ్లీషువాడికి అక్క కొడుకైనా అన్న కొడుకైనా నెఫ్యూయే, మనకలా కుదరదు కదా. మగవాడికి అక్కచెల్లెళ్ళ కొడుకే మేనల్లుడు, అన్నదమ్ముల కొడుకు కొడుకు వరసే. పైగా ఆ మాటలోనే అల్లుడు కూర్చున్నాడు చూడండి, పిల్లనివ్వదగ్గవాడని ముందే చెప్పేస్తున్నాడు. మేనల్లుడు అనగానే చదివేవాళ్ళు ఓహో మేనరికమా, బావని చేసుకుందా అని దాటిపోతారు, అన్న కొడుకు అన్నారో, అయ్యో అన్నాచెల్లెళ్ళ వరస కదా అని అక్కడే ఆగిపోతారు. అందుకే "తండ్రికి దగ్గర బంధువు" అనేసి ఊరుకోండి. అసలు మన వరసలు వాళ్ళకి అంటగట్టకూడదు, ఆ తండ్రి రాజాదరిత్ చిన్నప్పుడు లేచిపోయి పెళ్ళాడింది తలమిదోని, ఆమె ఎవరనుకున్నారు, తల్లి వేరు గానీ తండ్రి ఒకరే.

ఇక పట్టపురాణి. పట్టం అంటే నుదుట కట్టే బంగారు పట్టీ, రాణులు ఎంతమందున్నా అది కట్టేది ఒక్కరికే. 1394లో పుట్టిన షిన్ సోబుకి పాతికేళ్ళకే భర్త పోయాడు, ముగ్గురు పిల్లలు, 1423లో సంధి కోసం ఎగువ బర్మాలోని ఆవా రాజు థిహతుకి ఇచ్చేశారు, అక్కడ అప్పటికే షిన్ బో-మే లాంటి రాణులున్నారు. కాబట్టి "ఆవా రాణుల్లో ఒకరు" చాలు. 1425లో థిహతుని చంపేశారు, కొన్నేళ్ళకి ఈమె ఇద్దరు మోన్ భిక్షువుల సాయంతో మోన్ల రాజధాని పెగుకి పారిపోయి వచ్చింది, 1450ల్లో తనే గద్దెనెక్కింది. గద్దెనెక్కిన మనిషిని మాత్రం పట్టపురాణి అనకండి బాబూ, అది రాజుగారి భార్యని అనే మాట. మన రుద్రమనైతే శాసనాల్లో ఏకంగా రుద్రదేవ మహారాజు అనే చెక్కారు. మీరు "రాజ్యమేలిన రాణి" అనండి.

ఆ భిక్షువుల్లో ఒకాయనే ధమ్మజెడి, తర్వాత కాషాయం వదిలేసి ఆవిడ కూతుర్ని చేసుకుని రాజ్యానికి వారసుడయ్యాడు. ఇక్కడ అల్లుడు అని ధైర్యంగా రాసుకోండి, ఏ పేచీ లేదు.

ఆ "శరీర బరువుకు సమానమైన" ఏమిటండీ, తులాభారం అని మాట ఉండగా? లేకపోతే "తన ఎత్తు బంగారం" అనండి, ఇక్కడ ఎత్తు అంటే పొడుగు కాదు, తూకమే. అదీ 40 కిలోలు అంటారు, బక్కపల్చటి మనిషే పాపం.